సమాధానం: ఎర్త్ జాయింట్‌లో చిల్లులు పడటం గురించి

అన్నా, రేణిగుంట సైట్‌లో రాగి పట్టీని ఎర్త్ రాడ్‌కి అతికిస్తే జాయింట్ నిండా చిల్లులు వస్తున్నాయని, అతికించే వెల్డింగ్ పౌడర్ మంచిది కాదేమోనని అడిగారు. పౌడర్‌ని అప్పుడే మార్చకండి. ముందు తేమ సంగతి చూడండి.

ఆ పౌడర్‌లో ఉండేది కాపర్ ఆక్సైడ్, అల్యూమినియం. నిప్పు అంటుకోగానే అల్యూమినియం ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, ఆ వేడికే రాగి కరిగి గ్రాఫైట్ అచ్చులో కిందికి, జాయింట్ మీదికి జారుతుంది. కరెంటు అక్కర్లేదు. (రైలు పట్టాలు అతికించేదీ ఈ పద్ధతే, అక్కడ ఐరన్ ఆక్సైడ్ వాడతారు.) రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర. అచ్చులో వేడి అంతకంటే చాలా ఎక్కువ. గ్రాఫైట్ తేమ పీల్చుకుని ఉంటే అదంతా ఆవిరై లోహంలో బుడగలవుతుంది.

పోయిన కార్తీకం వానల్లో చిత్తూరు దగ్గర నాకూ ఇదే జరిగింది. రాత్రి అచ్చుని షెడ్డు బయట వదిలేశాం. పొద్దున మొదటి జాయింట్ విప్పితే పైన అట్టు మీద పడ్డట్టు సన్న చిల్లులు. కోసి చూస్తే లోపలా అంతే.

పని మొదలుపెట్టే ముందు గ్యాస్ టార్చ్‌తో అచ్చుని సుమారు 120 డిగ్రీలకు కాచండి. భోజనానికి వెళ్లొచ్చాక మళ్లీ కాచాలి. రాడ్‌నీ, పట్టీనీ వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది ఆరబెట్టండి. అచ్చులో పాత చిట్టెం (గట్టిపడిన మలినం) మిగలకూడదు.

తడి అచ్చులో కరిగిన లోహం పైకి చిమ్ముతుంది అన్నా. ఫేస్ షీల్డ్, తోలు గ్లౌజులు లేకుండా ఎవరినీ దగ్గర నిలబడనివ్వకండి, వేడి అచ్చు మీద నీళ్లు అస్సలు పోయనివ్వకండి. ఇలా చేసినా చిల్లులు వస్తే, కోసిన జాయింట్ ఫొటో పెట్టండి.