గ్లవ్స్ ఊది చూసుకో, చిన్నీ

చిన్నీ,

మద్రాస్ ఐఐటీలో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని, సిలికాన్ మీద వజ్రం పొర పెంచి సెన్సర్లు చేస్తావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంట్లో కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. హైడ్రోజన్ వదిలే ముందు లీకేజీ చూడు. పొర త్వరగా పెరగాలని మీథేన్ ఎక్కువ పెట్టకు, వజ్రంతో పాటు గ్రాఫైట్ చేరుతుంది. 800 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాచుకుంటేనే ఒకటి రెండు మైక్రాన్లు.

ఇక నా భయమంతా హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గురించే. మేం హెచ్‌ఎఫ్ అనేవాళ్లం.

సోలార్ సెల్స్ ల్యాబ్‌లో నాకది రెండో ఏడు. సిలికాన్ వేఫర్‌కు, అదే ఆ పలచటి పలకకు, గాలి తగిలితే చాలు, ఆక్సైడ్ కడుతుంది. దాన్ని తీయడానికి పలచటి హెచ్‌ఎఫ్‌లో ముంచుతాం. ఆక్సైడ్ పోయిందో లేదో నీళ్లే చెబుతాయి. అంతవరకు వేఫర్ మీద పరుచుకున్న నీళ్లు, తామరాకు మీద నుంచి జారినట్టు జారిపోతాయి. అది చూడటమంటే నాకు ఎంత ఇష్టమో! చూసిన మరుక్షణం నుంచి, మళ్లీ ఆక్సైడ్ కట్టేలోపు ఛాంబర్‌లో పెట్టెయ్యాలని ఆత్రం. ఆ రోజు ఆ ఆత్రం ముందే మొదలైంది. పాత గ్లవ్స్ తొడిగేసుకున్నాను, ఊది చూడలేదు. చూపుడువేలి దగ్గర సూదిబెజ్జమంత కన్నం ఉంది. తడి తగిలితే చెమట అనుకున్నాను. మంట లేదు, బొబ్బ లేదు. పలచటి హెచ్‌ఎఫ్ అలాగే మోసం చేస్తుంది, గంటలు గడిచాక గానీ తెలియదు. రాత్రి 11 గంటలకు గోరు కింద సూదులు గుచ్చుతున్నట్టు మొదలైంది. ఆ యాసిడ్ చర్మం దాటి లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేస్తుంది. ఎక్కువ పడితే గుండె కూడా ఆగిపోవచ్చు.

ల్యాబ్‌లోకి మళ్లీ రానివ్వరేమోనన్న భయంతో తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు. గ్లవ్స్ కంటే అదే పెద్ద తప్పు. ఆస్పత్రిలో వేలికి కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్లు చేశారు. ఇంట్లో పొయ్యి దగ్గర కాలిందన్నాను. పది రోజులు అన్నం కలిపి ముద్దలు పెట్టింది మీ అమ్మే. తనకిప్పటికీ పొయ్యి సంగతే తెలుసు. ఈ ఉత్తరం తనకూ చూపించు.

నీకూ ఆ దాచే బుద్ధి ఉంది. సైకిల్ మీంచి పడి, మోకాలు కనబడకుండా పావడా కిందికి లాక్కుని అన్నానికి కూర్చున్నావు, గుర్తుందా? రక్తం చాప మీద పడ్డాక గానీ మాకు తెలియలేదు. ల్యాబ్‌లో ఆ పని చేశావంటే ఊరుకోను. మొదటి రోజే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడుందో అడుగు, ట్యూబ్ మీద ఎక్స్‌పైరీ తేదీ నీ కళ్లతో చూడు. ఒంటరిగా హెచ్‌ఎఫ్ ముట్టుకోకు. అనుమానం వస్తే నొప్పి కోసం ఆగకు, వెంటనే నీళ్ల కింద పెట్టి, కేకేసి పిలువు.

వజ్రంలో ఒక కార్బన్ లేని ఖాళీ, దాని పక్కనే నైట్రోజన్. ఆ జంట మీద ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుందట కదా, దాంతో అయస్కాంత క్షేత్రాలు కొలుస్తారట కదా. నా పనంతా సిలికాన్‌తోనే గడిచిపోయింది, అది కళ్లారా చూడలేదు. నీ పొరలో ఆ ఎరుపు కనబడిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. వేలు చురుక్కుమన్నా సరే, ముందు ల్యాబ్‌లో చెప్పి, తర్వాత నాకు చెయ్యి.

మీ పెద్దమ్మ