హెంప్ అని రాసి ఉంటే మత్తు ఉండదనుకోవచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అమ్మకు 66 ఏళ్లు. ఆరు నెలలు మాతో ఉండేందుకు ఇండియా నుంచి వచ్చారు. గుండెలో కృత్రిమ కవాటం అమర్చినందువల్ల రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫారిన్ మాత్ర వేసుకుంటారు. మోకాళ్ల నొప్పులతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే, ‘హెంప్ నుంచి తీసినది, చట్టబద్ధం’ అని రాసి ఉన్న డెల్టా-8 గమ్మీలు (నమిలే జెల్లీ బిళ్లలు) కొని ఒకటి ఇచ్చాను. గంట గడిచినా తేడా కనిపించక ఇంకొకటి ఇచ్చాను. ఆ తర్వాత గుండె దడ, కళ్లు తిరగడం, ఎక్కడున్నారో తెలియని భయంతో రాత్రంతా ఇబ్బంది పడ్డారు. హెంప్‌లో మత్తు ఉండదు కదా, ఇలా ఎందుకైంది? వీటికి బదులు హెంప్ నుంచే తీసే సీబీడీ ఇవ్వవచ్చా? తిరిగి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లవచ్చా?

జవాబు: మీ ప్రశ్నలకు ముందు ఒక మాట. ఆ రాత్రి తర్వాత మీ అమ్మగారికి ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూసేది) చేయించకపోతే వెంటనే చేయించండి. కళ్లు తిరిగినప్పుడు ఆమె పడిపోయి తలకు చిన్న దెబ్బ తగిలినా, ఇప్పుడు బాగానే ఉన్నారని ఊరుకోకుండా ఈ రోజే డాక్టర్‌కు చూపించండి. వార్ఫారిన్ వాడేవారికి పుర్రె లోపల రక్తం నెమ్మదిగా కారుతూ, కొన్ని రోజుల తర్వాత గానీ లక్షణాలు బయటపడకపోవచ్చు. భయపడి వార్ఫారిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. కృత్రిమ కవాటం ఉన్నవారికి అది మరింత ప్రమాదం.

హెంప్, గంజాయి రెండూ కన్నబిస్ సటైవా అనే ఒకే జాతి మొక్కలు. (హెంప్‌ను కొందరు జనుము అని అనువదిస్తున్నారు గానీ, మన పొలాల్లో పచ్చిరొట్ట కోసం వేసే జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన వేరే మొక్క.) వీటి మధ్య గీత గీసింది వృక్షశాస్త్రం కాదు, చట్టం. అమెరికాలో 2018 డిసెంబర్‌లో వచ్చిన వ్యవసాయ చట్టం, ఎండిన బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే ప్రధాన పదార్థం) 0.3 శాతానికి మించని మొక్కనూ, దాని నుంచి తీసిన పదార్థాలనూ హెంప్‌గా గుర్తించి, నిషిద్ధ మాదక ద్రవ్యాల జాబితా నుంచి తొలగించింది. నారకూ గింజలకూ సాగు చేసే రైతును దృష్టిలో పెట్టుకున్న ఆ నిర్వచనం పరిమితి పెట్టింది ఒక్క డెల్టా-9కే. మీరు కొన్న గమ్మీ ఆ సందులోంచి వచ్చింది.

డెల్టా-8 కూడా టీహెచ్‌సీలో ఒక రూపమే. దానికీ డెల్టా-9కూ తేడా, అణువులో ఒక ద్విబంధం పక్క కార్బన్‌కు జరగడమే. రెండూ మెదడులోని సీబీ1 గ్రాహకాలకే అతుక్కుంటాయి కాబట్టి రెండూ మత్తు కలిగిస్తాయి; డెల్టా-8 కొంత బలహీనమైనదే గానీ, రెండు గమ్మీలు తిన్న వ్యక్తికి ఆ తేడా ఊరటనివ్వదు. పైగా మొక్కలో ఇది చాలా స్వల్పంగా ఉంటుంది. అందుకే హెంప్ నుంచి తీసిన సీబీడీని ఆమ్లంతో చర్య జరిపి డెల్టా-8గా మారుస్తారు. ఆ చర్యలో పుట్టే ఇతర పదార్థాలనూ, మిగిలిపోయే రసాయనాలనూ ఎంతవరకు తొలగించారన్నది తయారీదారు శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. 2021 జనవరి నుంచి 2022 ఫిబ్రవరి వరకు అమెరికాలోని విష నియంత్రణ కేంద్రాలకు డెల్టా-8కు సంబంధించి 2,362 కేసులు వచ్చాయని, వాటిలో 41 శాతం 18 ఏళ్లలోపు వారివేనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది.

ఇక రెండో గమ్మీ విషయం. తిన్న టీహెచ్‌సీ పేగుల నుంచి కాలేయానికి చేరి, అక్కడ మరో మత్తు రూపంలోకి మారి, ఆ తర్వాత మెదడును చేరుతుంది. ప్రభావం మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. మొదటిది పని చేయడం లేదని మీరు అనుకున్న సమయానికి అది దారిలో ఉంది.

దుకాణంలో ఇంకా చాలా పేర్లు కనిపిస్తాయి. టీహెచ్‌సీఏ దానంతట అది మత్తు ఇవ్వదు, కానీ వేడి తగలగానే డెల్టా-9గా మారుతుంది. పొగతాగే పువ్వు రూపంలో అమ్మితే అది ఆచరణలో గంజాయే. హెచ్‌హెచ్‌సీ అంటే టీహెచ్‌సీకి హైడ్రోజన్ చేర్చి చేసినది, అదీ మత్తు పదార్థమే. ఇదే మొక్కలోని సీబీజీ, సీబీఎన్ అనే పదార్థాలను నిద్రకనీ, మరొకదానికనీ అమ్ముతున్నారు గానీ గట్టి ఆధారాలు లేవు. అసలు డెల్టా-9నే హెంప్ పేరుతో అమ్మవచ్చు: అయిదు గ్రాముల గమ్మీ బరువులో 0.3 శాతం అంటే 15 మిల్లీగ్రాములు. అలవాటు లేని పెద్దవారిని మంచం పట్టించడానికి అది చాలు.

చట్టం సంగతి అంత తేలికగా చెప్పలేం. 2022లో ఒక ట్రేడ్‌మార్క్ వివాదంలో, పశ్చిమ రాష్ట్రాల కేసులు వినే ఫెడరల్ తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, 2018 చట్టం మాటల ప్రకారం హెంప్ డెల్టా-8 చట్టబద్ధమేనని చెప్పింది. టెక్సాస్‌లో మాత్రం 2021లో రాష్ట్ర ఆరోగ్య శాఖ దాన్ని నిషిద్ధమని ప్రకటించగా వ్యాపారులు కోర్టుకెక్కారు. మిన్నెసోటా 2022లో ఒక్కో మోతాదుకు 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీని అనుమతించింది. కాలిఫోర్నియా 2024లో, హెంప్ ఆహార పదార్థాల్లో టీహెచ్‌సీ జాడ కూడా ఉండకూడదన్నది. చివరకు 2025 నవంబర్ 12న సంతకమైన ఫెడరల్ చట్టం హెంప్ నిర్వచనాన్నే మార్చింది. ఏడాది తర్వాత అమల్లోకి వచ్చేలా రాసిన ఆ నిబంధనల ప్రకారం టీహెచ్‌సీఏతో సహా మొత్తం టీహెచ్‌సీని లెక్కిస్తారు, మొక్క బయట తయారుచేసిన కన్నబినాయిడ్లను (టీహెచ్‌సీ, సీబీడీ కోవకు చెందిన పదార్థాలను) హెంప్‌గా గుర్తించరు, అమ్మే ఒక్కో డబ్బాలో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ ఇంట్లో ఉన్నలాంటి గమ్మీలకు ఆ లెక్కలో చోటు లేదు.

సీబీడీ ఇవ్వవచ్చా అంటే, మీ అమ్మగారికి వద్దనే చెబుతాను. సీబీడీ మత్తు ఇవ్వదన్నది నిజమే, అది మందుగా పనిచేస్తుందన్నదీ నిజమే. తీవ్రమైన కొన్ని మూర్ఛ వ్యాధులకు శుద్ధ సీబీడీ మందు ఎపిడియోలెక్స్‌ను ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. కానీ వార్ఫారిన్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును అది అడ్డుకోగలదు. అప్పుడు అదే మోతాదు మాత్ర ఎక్కువ మోతాదులా పనిచేసి, ఐఎన్ఆర్ పెరిగి, రక్తస్రావానికి దారితీయవచ్చు. పోనీ నొప్పి తగ్గుతుందా అంటే అదీ లేదు. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి పారాసెటమాల్‌తో పాటు రోజుకు 600 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చి చూసిన ట్రయల్‌లో అదనపు ఉపశమనం కనిపించలేదు. దుకాణపు గమ్మీలో సాధారణంగా ఉండేది అందులో చిన్న భాగం.

ఇండియాకు తీసుకెళ్లవద్దు. అక్కడ టీహెచ్‌సీ 1985 నాటి మాదక ద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) పరిధిలోకి వస్తుంది, అమెరికా దుకాణం రసీదు విమానాశ్రయంలో ఆమెను కాపాడదు. మీరు వీసా మీద ఉన్నవారైతే మీకూ ఒక హెచ్చరిక: డెల్టా-8 వాడినా మూత్ర పరీక్ష గంజాయి పాజిటివ్‌గానే రావచ్చు, అది గమ్మీదా పొగదా అన్నది మామూలు పరీక్ష చెప్పదు.

మోకాళ్లకు తొడ కండరాలను బలపరిచే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి. పారాసెటమాల్ ఎంత వాడవచ్చో ఐఎన్ఆర్ చూసే డాక్టర్‌ను అడగండి. ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా ఇవ్వకండి. ఆ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు గమ్మీల సీసాను వెంట తీసుకెళ్లి, ఏ రోజు, ఏ వేళకు, ఎన్ని ఇచ్చారో దాచకుండా చెప్పండి. ఇంట్లో పిల్లలుంటే, అప్పటిదాకా దాన్ని తాళం వేసిన అరలో ఉంచండి, అవి చూడటానికి మిఠాయిల్లాగే ఉంటాయి.