తాళాల గుత్తి పట్టుకున్న మనిషి ఎవరి పక్షం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అద్దె ఇళ్ల గురించే. 22 ఏళ్లు ఏజెంటుగా ఇళ్లు చూపించి, ఇక మెట్లెక్కలేమని మోకాళ్లు మొరాయించాక ఈ శీర్షిక దగ్గర కుదురుకున్నవాడిని నేను. కాబట్టి కింది జవాబుల్లో కొన్ని నా మీద నేనే చెప్పుకుంటున్న చాడీలు.

ప్రశ్న: మేము భార్యాభర్తలం, ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాం. రెండు నెలలు తిరిగాక ఒక ఫ్లాటు నచ్చింది. అద్దె కొంచెం తగ్గించమంటే, ఓనరు అసలు తగ్గరని ఏజెంటు అంటున్నారు. పైగా సాయంత్రం ఇంకో కుటుంబం చూడటానికి వస్తోందట, టోకెన్ అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వమంటున్నారు. కమీషను మా దగ్గర కూడా తీసుకుంటున్నప్పుడు ఆయన మా తరఫున మాట్లాడాలి కదా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సాయంత్రం కుటుంబం సంగతి. ఆ కుటుంబాన్ని నేను ఎన్నిసార్లు పుట్టించానో లెక్క లేదమ్మా. ఒకరోజు కొత్త దంపతులు, ఒకరోజు బదిలీ మీద వచ్చిన అధికారి. వాళ్లందరికీ ఇల్లు చూడకుండానే నచ్చేసేది. అలాగని అన్నిసార్లూ అబద్ధమే అనుకోకండి. నిజంగానే ఎవరో వచ్చి, మీలాంటి వాళ్లు ఆలోచిస్తూ ఉండగానే తాళాలు పట్టుకుపోయిన సాయంత్రాలూ ఉన్నాయి. "వాళ్లను చూడనివ్వండి, మా మాట రేపు పది గంటలకు చెబుతాం" అనండి. ఇల్లు చేజారితే చేజారుతుంది. ఆ కుటుంబం కల్పితమైతే మాత్రం రేపు తొమ్మిదిన్నరకే ఆయన నుంచి మీకు ఫోను వస్తుంది.

ఇక ఆయన ఎవరి పక్షం అన్నది. బేరం కుదరడమే ఆయన పక్షం. కుదిరితే కమీషను, చెడితే కాళ్ల నొప్పులు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఆయన మీద కోపం పోతుంది, ఆయనతో పని జరుగుతుంది. కమీషను ఒక నెల అద్దె అనుకుందాం. అద్దె 5 శాతం తగ్గితే ఆయనకు పోయేది ఒకటిన్నర రోజు అద్దె మాత్రమే. మీరు లేచి వెళ్లిపోతే నెల మొత్తం పోతుంది. అంటే మీకు తగ్గించడంలో ఆయనకు పెద్ద నష్టం లేదు. ఓనరుతో ఆ మాట అనడానికే మొహమాటం, బద్ధకం. "ఓనరు తగ్గరు" అని మాలో సగం మంది ఓనరును అడగకుండానే చెబుతాం.

ఓనరు లెక్క కూడా మీకు అనుకూలమే. నెలకు 5 శాతం తగ్గిస్తే ఏడాది మొత్తం మీద పోయేది 18 రోజుల అద్దె. ఇల్లు 18 రోజులు ఖాళీగా పడి ఉంటే పోయేదీ అంతే. నెల రోజులు ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో 8.33 శాతం ఎగిరిపోతుంది. అందుకే ఇంట్లోకి అడుగు పెట్టగానే ఈ ఇల్లు ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో అడగండి. ఏజెంటు చెప్పకపోతే వాచ్‌మన్ చెబుతాడు. ఇద్దరూ చెప్పకపోతే కిటికీ చట్రం మీద పేరుకున్న దుమ్ము చెబుతుంది.

నా దగ్గర బేరం గెలిచిన ఒకావిడ ఇప్పటికీ గుర్తుంది. ఇల్లంతా చూసేదాకా అద్దె మాట ఎత్తలేదు. వంటగదిలో కుళాయి విప్పి అలాగే వదిలింది, స్నానాల గదిలో రెండూ విప్పింది, మళ్లీ వంటగదికి వచ్చి ధార చూసింది. చిటికెన వేలంత అయిపోయింది. పడకగదిలో అలమర తలుపు తీసి, సామాను పెట్టే చోట లోపలి గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. రెండు రోజుల ముందే రంగు వేయించాం, వాసన ఇంకా పోలేదు. అయినా ఆ గోడ తడి గుడ్డలా చల్లగా ఉంటుందని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి నా మొహం చూసి ఆవిడకూ తెలిసిపోయింది. అప్పుడు సంచిలోంచి మడత కాగితం ఒకటి తీసింది. చెమ్మ బాగు చేయించాలి, అద్దె 5 శాతం తగ్గించాలి. బదులుగా రెండేళ్లు కదలను, ప్రతి నెలా 1వ తేదీనే అద్దె జమ చేస్తాను, చేరడం కూడా ఈ వారంలోనే అంది. నేను మెట్ల మలుపు దగ్గరికి వెళ్లి ఓనరుకు ఫోను చేసి, ఆవిడ ఇస్తానన్నవి ముందు చెప్పి, అడిగినవి తర్వాత చెప్పాను. 4 శాతం దగ్గర తెగింది. చెమ్మ పనికి ఓనరే మనిషిని పంపారు.

మీరూ అంతే చేయండి. "ఎక్కువగా ఉందండీ, కాస్త చూడండి" అంటే నేను ఓనరుకు చేరవేయడానికి అందులో సరుకేమీ లేదు. అద్దె దగ్గర ఓనరు మొండికేస్తే మిగతావి అడగండి. అలమరలు, గీజరు, కిటికీలకు దోమతెర, మొదటి పది రోజుల అద్దె మినహాయింపు, మెయింటెనెన్స్ అద్దెలో కలపడం. నలుగురికీ తెలిసిపోయే అద్దె అంకె తగ్గించడానికి మనసొప్పని ఓనర్లు ఇలాంటివాటికి సులువుగా ఒప్పుకుంటారు.

టోకెన్ మాత్రం రసీదు లేకుండా ఇవ్వకండి. ఏ ఫ్లాటు, అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, ఎప్పుడు చేరతారు, ఓనరు కాదంటే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది, మీరే వద్దనుకుంటే ఎంత పోతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఇచ్చే ముందు ఓనరుతో ఒక్కసారైనా మాట్లాడండి, ఇల్లు వారిదే అనడానికి ఆధారం చూడండి. ఒకే ఇంటికి నలుగురి దగ్గర టోకెన్ తీసుకుని ఫోను కట్టేసే ప్రబుద్ధులు మా వృత్తిలో ఉన్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

ప్రశ్న: ఇల్లు చూడటానికి ఏ వేళ మంచిది?

జవాబు: ఏజెంటు రమ్మన్న వేళ ఒకసారి, రమ్మనని వేళ ఒకసారి. వెలుగు పడని ఇళ్లను నేను మధ్యాహ్నం పన్నెండు గంటలకే చూపించేవాణ్ణి. ఎదురుగా మోటారు వర్క్‌షాపు ఉన్న ఇంటినైతే వారం సెలవు రోజున.

ప్రశ్న: రెండు ఫ్లాట్లు చూశాం. మొదటిదానికి అద్దె తక్కువ, కానీ ఏటా 10 శాతం పెంచుతారట. రెండోది 5 శాతం ఎక్కువ, పెంపు మాత్రం ఏటా 5 శాతమే. ఏజెంటు మొదటిదే లాభం అంటున్నారు. మిగతావన్నీ సమానమే. ఏది తీసుకోవాలి? – ఒక పాఠకుడు

జవాబు: మీరు ఎన్నాళ్లు ఉంటారో రాయలేదు, లెక్కంతా అక్కడే ఉంది. మొదటి ఇంటి అద్దె 100 పాళ్లు అనుకోండి. తర్వాతి ఏళ్లలో అది 110, 121, 133.1 అవుతుంది. రెండో ఇల్లు 105తో మొదలై 110.25, 115.76, 121.55 దగ్గరికి వస్తుంది. మూడేళ్లకు కూడి చూస్తే రెండూ 331 దగ్గర కలుస్తాయి, తేడా వేలు పెట్టి చూపించలేనంత. అంటే రెండేళ్లలో ఖాళీ చేసేవారికి మీ ఏజెంటు చెప్పింది నిజం. నాలుగో ఏడు వచ్చిందంటే మొదటి ఇల్లు మొత్తం 464 పాళ్లు, రెండోది 452 చిల్లర. ఆపైన ఏటేటా ఆ ఎడం పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో మాట. పెంపు శాతం మీదే బేరమాడండి. ఇల్లు నిండాలన్న తొందరలో ఉన్న ఓనరుకు ఈ నెల అద్దె కనిపించినంతగా మూడేళ్ల తర్వాతి అద్దె కనిపించదు. 10ని 7 చేయమంటే అద్దె తగ్గించమన్నంత చివుక్కుమనదు. పెంపు దేని మీద లెక్కిస్తారో కూడా రాయించండి. మెయింటెనెన్స్ కలిపిన మొత్తం మీద శాతం వేసే తెలివైనవాళ్లు ఉంటారు.

ప్రశ్న: ముగ్గురు స్నేహితులం కలిసి ఇల్లు తీసుకుంటున్నాం. అగ్రిమెంటు ఒకరి పేరున ఉంటే చాలు, పని సులువవుతుందని ఏజెంటు అన్నారు. నా పేరే పెడదామంటున్నారు.

జవాబు: సులువయ్యేది ఆయనకు, బరువయ్యేది నీకు బాబూ. రేపు ఒకడికి ఉద్యోగం మారి వెళ్లిపోతే, ఇంకొకడికి పెళ్లి కుదిరి వెళ్లిపోతే, ఓనరు వచ్చి తలుపు తట్టేది నీ పేరు పిలుస్తూనే. మిగతా ఇద్దరికీ ఆ ఇంట్లో హక్కూ ఉండదు, బాధ్యతా ఉండదు. ముగ్గురి పేర్లూ పెట్టించు. అక్కడితో నిశ్చింత అనుకోకు. "కలిసీ, విడివిడిగా బాధ్యులు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే, ఒకరు ఎగ్గొట్టిన వాటాను కూడా మిగతావారి నుంచి రాబట్టుకునే హక్కు ఓనరుకు ఉంటుంది. ఎవరి వాటాకు వారే బాధ్యులని రాయమంటే చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. అందుకని మధ్యలో వెళ్లిపోయేవారి స్థానంలో కొత్తవారిని తెచ్చుకునే వీలు అగ్రిమెంటులో అడుగు. డిపాజిట్‌లో ఎవరు ఎంత పెట్టారో, వెళ్లేవాడికి ఎవరు ఎప్పుడు తిరిగి ఇవ్వాలో మీ ముగ్గురూ విడిగా ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని ఒకడు నవ్వుతాడు. ముందుగా అతని చేతే పెట్టించు.

ప్రశ్న: గత ఇల్లు ఖాళీ చేసినప్పుడు రంగుల పేరుతో డిపాజిట్‌లో చాలా కోశారు. ఈసారి అలా జరగకుండా ఉండాలంటే? – ఒక గృహిణి

జవాబు: రంగులకు ఎంత, ఎప్పుడు కోస్తారన్నది చేరేటప్పుడే తేల్చుకోవాలి. మీ చేతిలో అడ్వాన్సు, వారి చేతిలో తాళాలు ఉన్నప్పుడే ఇద్దరి నోళ్లూ మెత్తగా ఉంటాయి. నాలుగేళ్లకు గోడ పాలిపోవడం వాడకం. మేకు కొట్టి పెచ్చు ఊడగొట్టడం నష్టం. మొదటిది ఓనరు ఖర్చు, రెండోది మీ ఖర్చు అని ఒక వాక్యం రాయించండి. తాళాలు తీసుకున్న రోజు, సామాను దించక ముందే, ప్రతి గదీ వీడియో తీయండి. పగిలిన టైలు, గీత పడిన సింకు, కరెంటు మీటరులోని అంకెలు, అన్నీ. అదే రోజు ఓనరుకూ ఏజెంటుకూ పంపండి. మీ ఫోనులోనే దాచుకుంటే అది ఏ రోజుదో అన్న వాదన మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: నేను ఆరు నెలలుగా ఏజెంటు పని చేస్తున్నాను. ఒక కుటుంబానికి తొమ్మిది ఇళ్లు చూపించాను. తొమ్మిదోది నచ్చింది. నాతో మాత్రం నచ్చలేదని చెప్పి, వారం తర్వాత నేరుగా ఓనరుతో మాట్లాడుకుని చేరిపోయారు. నా కమీషను పోయినట్టేనా?

జవాబు: తమ్ముడూ, ఇన్ని ఉత్తరాల్లో నీది చదివాకే నాకు కడుపు మండింది. మనల్ని తిట్టేవారి మాటే అందరూ వింటారు, మన చెప్పులు అరిగిన సంగతి ఎవరూ అడగరు. అయినా నిన్నే రెండు ప్రశ్నలు అడుగుతాను. కమీషను ఎంతో మొదటి ఇల్లు చూపించక ముందే చెప్పావా, తొమ్మిదోది నచ్చిందన్నాక చెప్పావా? ఏ రోజు ఏ ఇల్లు చూపించావో వారికి గానీ, ఓనరుకు గానీ ఒక్క సందేశమైనా పంపావా? చెప్పి, పంపి ఉంటే అది పట్టుకుని మర్యాదగా ఇద్దరినీ అడుగు. ముందు ఓనరును అడుగు. ఆయనకు మళ్లీ నీతో పని పడుతుంది, వారికి పడకపోవచ్చు. ఏదీ లేకపోతే ఈసారికి వదిలేయక తప్పదు.

నన్ను ఇలాగే దాటేసిన ఒకాయన రెండేళ్ల తర్వాత ఫోను చేశాడు. ఓనరు డిపాజిట్ ఇవ్వడం లేదు, మధ్యలో మాట్లాడే మనిషి లేడు, కాస్త వస్తారా అని. వెళ్లాను. మాట్లాడి ఇప్పించాను కూడా. అయితే తలుపు లోపలికి అడుగు పెట్టక ముందే, నా పాత కమీషను ఎంతో గుమ్మంలో నిలబడి చెప్పాను.