కోరంగి రేవులో దిగిన నావికుడికి కోటు: కుట్టుపని ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి నాటకంలో 1790ల నాటి కోరంగి రేవు ఘట్టం ఉందండి. ఓడ దిగిన ఇంగ్లీషు నావికుడి వేషానికి కోటు కావాలి. తెల్ల చారల చదరపు కాలరున్న నీలం చొక్కా బొమ్మ ఒకటి దొరికింది. అదే కుట్టేయమంటారా? (నరసాపురం)

జవాబు: ఆ బొమ్మ పక్కన పెట్టేయండి. ఇంగ్లీషు నౌకాదళంలో అధికారులకు 1748లోనే యూనిఫారం వచ్చింది గానీ, తాళ్లు లాగే మామూలు నావికులకు 1857 దాకా లేదు. ఆ చదరపు కాలరు వేషం 19వ శతాబ్దపుది. మీకు కావలసింది తుంటి దగ్గర ఆగిపోయే పొట్టి జాకెట్టు. తెరచాప కొయ్యలెక్కేవాడికి వెనక తోకలు వేలాడే కోటు కాళ్లకు అడ్డం.

1706లో నౌకాదళం బట్టల కాంట్రాక్టరుకిచ్చిన జాబితాలో ఈ జాకెట్టు వివరం ఉంది: ముందే కుంచింపజేసిన బూడిదరంగు కెర్సీ (ముతక ఉన్ని గుడ్డ), ఎర్ర లైనింగు, 15 ఇత్తడి గుండీలు, నార గుడ్డతో రెండు జేబులు, బంగారు రంగు దారంతో కాజాలు. మీ ఘట్టం నాటికి నీలం బాగా నప్పుతుంది. లైనింగును ఆ జాబితాలో ‘కాటన్’ అని రాశారు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్లు నూగు లేపిన ఒక రకం ఉన్ని గుడ్డనూ ఆ మాటతోనే పిలిచేవారు. మన ఎండకు మాత్రం నూలు లైనింగే మేలు. అందుకు తగిన గుడ్డ పేరు మీ పక్కనే పుట్టింది: మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరం ఉన్నప్పుడు అక్కడినుంచి ఓడలెక్కిన నూలు గుడ్డకే ‘మడపోలం’ అని పేరుపడింది. మెత్తటి, దగ్గర నేత మడపోలాన్ని ఎర్ర రంగు వేయించి వాడండి. రంగు వదులుతుందేమో తెల్ల గుడ్డతో తడిపి రుద్ది చూశాకే కత్తెర పెట్టండి.

ప్రశ్న: షాపులో బ్లేజర్ గుడ్డ చూపించి ఇదీ ఉన్నే అంటున్నారు. ఎంత కొనాలి? (కాకినాడ)

జవాబు: మూలనుంచి రెండు పోగులు లాగి వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టరు కలిస్తే గట్టి పూస మిగులుతుంది. తర్వాత కత్తిరించిన అంచును గోటితో పదిసార్లు గీకండి. పోగులు ఊడిపడుతుంటే ఆ గుడ్డ పనికిరాదు. పాతకాలం ఉన్నిని నేశాక నీళ్లు పోసి తొక్కి బిగించేవాళ్లు. అందుకే దాని అంచు మడవకుండా వదిలినా నిలుస్తుంది. జాకెట్టుకు ఆ కాలపు వాలు వచ్చేది ఆ మందంవల్లే. గొంగడి వాడదామనుకునేవారికి ఒక మాట: దాని నేత వదులు, కాజా నిలవదు.

ఛాతీ 38 అంగుళాల మనిషికి 58 అంగుళాల పన్నాలో మీటరున్నర సరిపోతుంది. మీరు మాత్రం రెండు మీటర్లు తీసుకోండి. కత్తిరించే ముందు తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టెతో గుడ్డంతా ఆవిరి పట్టించి, బల్లమీదే ఆరనివ్వాలి. ఈ పని ఎగ్గొడితే కుట్టాక మొదటి ఇస్త్రీకే ఉన్ని కుంచించుకుని లైనింగు కిందికి వేలాడుతుంది.

ప్రశ్న: కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయండి. చెయ్యెత్తితే మాత్రం జాకెట్టు మొత్తం పైకి లేస్తోంది. (అమలాపురం)

జవాబు: చంక కిందికి దిగిపోయింది. ఇప్పటి సూటు కత్తిరింపు పట్టుకుని కుట్టిన ప్రతి జాకెట్టుకూ వచ్చే జబ్బే ఇది. పాత కత్తిరింపులో చంక రౌండు చిన్నది, అసలు చంకకు అంగుళం కిందనే ఆగుతుంది. వీపు ముక్క సన్నం, భుజం కుట్టు భుజం మీద కాక వెనక్కి జారి ఉంటుంది. చెయ్యి రెండు ముక్కలు, మోచేయి దగ్గర వంపు. నిలబడ్డప్పుడు చంకలో కాస్త ముడతలు కనిపిస్తాయి. అవి తప్పు కాదు, చెయ్యి లేవడానికి ఉంచిన గుడ్డ అది. వాటిని తీసేయబోయి చాలామంది జాకెట్టు పాడుచేస్తారు.

కుట్టేసినదాన్ని కొంతవరకు బాగుచేయవచ్చు. చేతులు, భుజం కుట్లు విప్పండి. భుజం దగ్గర ముందు, వెనక ముక్కల్లో అరంగుళం చొప్పున ఎక్కువ లోపలికి తీసుకుంటే చంక అంత పైకి వస్తుంది. మెడ బిగుస్తుంది కాబట్టి దాన్ని కొత్తగా గీసి కత్తిరించుకోవాలి, నిడివీ అంతే తగ్గుతుంది. చంక రౌండు తగ్గినంతా చేతి పై వంపులోనూ తగ్గించండి, లేకపోతే కుచ్చులు పడతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కోరా గుడ్డతో మాదిరి కుట్టి, వేసుకుని తాడు లాగినట్టు రెండు చేతులూ ఎత్తి చూడండి. కింది అంచు రెండంగుళాలకు మించి లేస్తే ఉన్ని జోలికి వెళ్లొద్దు.

ముంజేతి దగ్గర వెనక కుట్టును నాలుగంగుళాలు కుట్టకుండా వదిలి మూడు గుండీలు పెట్టండి. పనిలో విప్పి మడుచుకోవడానికి అది.

ప్రశ్న: ఇత్తడి గుండీలు దొరకలేదు. ప్లాస్టిక్‌వి పెట్టేయనా? (రాజోలు)

జవాబు: వద్దు, గుడ్డ చుట్టిన గుండీలు చేసుకోండి. ఆ కాలంలో చెక్క, ఎముక బిళ్లలకు గుడ్డ చుట్టేవాళ్లు. కోనసీమలో బిళ్లకు కరువేమిటి? ఎండిన కొబ్బరి చిప్పను ముప్పావు అంగుళం బిళ్లలుగా కోసి అంచు గరుకు కాగితంతో రుద్దండి. చిప్పకున్న వంపే గుండీకి ఉబ్బునిస్తుంది. అంగుళమున్నర గుడ్డ బిళ్ల అంచున దారంతో చుట్టూ పోగు కుట్టు వేసి, చిప్ప పెట్టి బిగలాగి, వెనక అడ్డదిడ్డంగా కుట్టి ముడెయ్యాలి. ముందుకు పది, చేతులకు ఆరు. జాకెట్టు గుడ్డ మరీ మందమైతే వెనక ముద్దకడుతుంది, అప్పుడు పలచని నీలం గుడ్డ వాడండి.

ప్రశ్న: మిషన్ కుట్టు తెలిసిపోతుందా? (పాలకొల్లు)

జవాబు: లోపలి పొడుగు కుట్లలో తెలియదు, అవి మిషన్ మీద వేసుకోండి. కాజా మాత్రం చేత్తోనే. ముందు వరుసలో కూర్చున్నవాళ్ల చూపు పడేది అక్కడే. దారాన్ని తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగి, కాగితం మడతలో పెట్టి ఇస్త్రీ చేస్తే చిక్కుపడదు. కాజా నిడివి గుండీ వెడల్పూ మందమూ కలిపినంత. గుడ్డ మడిచి కత్తెరతో కోస్తే గీత వంకరపోతుంది. కింద చెక్క పెట్టి పదునైన సన్న ఉలితో ఒక్క దెబ్బ కొట్టండి. అంచు చుట్టూ వదులుగా ఒక వరుస తిప్పి కుట్టాక, దానిమీద ముడికుట్టు వేయాలి. ముడి సరిగ్గా కోసిన అంచుమీద కూర్చోవాలి, గుడ్డ పైకి జారితే కాజా నోరు తెరుస్తుంది.

ప్రశ్న: వానాకాలంలో బూజు పడుతోందండి. (యానాం)

జవాబు: చెమట తడితో మడవడమే కారణం. వేషం విప్పగానే తిరగేసి నీడలో ఒక పగలంతా ఆరేయండి. లైనింగుకు గంజి పెట్టొద్దు, పురుగు దానికే చేరుతుంది. ఎండిన వేపాకు నూలు సంచిలో కట్టి మడతల్లో ఉంచండి, పాలిథిన్ కవరు వద్దు. ఇత్తడి గుండీలున్నవాళ్లు ఒక్కో గుండీ కింద పలచని కాగితం పెట్టి మడిస్తే చిలుము ఉన్నికి అంటదు.