పొద్దున లేవలేని కుక్క సాయంత్రం పరుగులు తీస్తుంటే: కీళ్ల నొప్పికి ఏం చేయాలి

మీరు రాసినదాన్ని బట్టి, రాయగడలో మీ తొమ్మిదేళ్ల లాబ్రడార్ బరువు 36 కిలోలు. పొద్దున వెనక కాళ్లు బిగుసుకుపోయి లేవలేకపోతోంది. పది అడుగులు వేశాక సర్దుకుని పరుగెడుతోంది, మర్నాడు మళ్లీ కుంటుతోంది. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ వేయొచ్చా అని మీ ప్రశ్న.

వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. నొప్పి బామ్‌లు కూడా వద్దు, నాకేస్తుంది.

ముందు ఇది కీళ్ల అరుగుదలేనా అని తేల్చుకోండి. మన వైపు పిడుదులు ఎక్కువ. ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటుతూ, ఒళ్లు 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే ఎర్లికియా జ్వరం కావచ్చు. రక్తపరీక్షలో తేలితే దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడతారు, నొప్పి మందుతో అది తగ్గదు. ఇంకొకటి చూడండి. కుక్కను నిలబెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి, వెనక పాదాన్ని మడిచి పైభాగం నేలకు తగిలేలా పెట్టండి. వెంటనే తిప్పుకోవాలి. అలాగే ఉంచేస్తే, లేదా వెనక గోళ్ల పైభాగం నేలకు రాసుకుని అరిగిపోయి ఉంటే, సమస్య వెన్నులో ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకండి. అక్కడ ఎక్స్‌రే కుదరకపోతే విజయనగరం మీదుగా గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

అరుగుదలే అయితే డాక్టర్లు ఎక్కువగా రాసేది మెలాక్సికామ్ అనే నొప్పి మందు. మొదటి రోజు కిలోకి 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకొకసారి 0.1, తిండి పెట్టాకే. అంటే మీ కుక్కకు మొదటి రోజు 7.2, తర్వాత రోజుకు 3.6 మిల్లీగ్రాములు. మనుషుల 15 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేస్తే నాలుగు రోజుల మోతాదు ఒక్కసారే లోపలికి పోతుంది! మొదలుపెట్టే ముందు కిడ్నీ, లివర్ రక్తపరీక్ష అడిగి చేయించండి. ఈమధ్య స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏదైనా వేసి ఉంటే ఆ తేదీ డాక్టరుకు తప్పక చెప్పండి, రెండూ కలిస్తే పేగులకు చిల్లు పడొచ్చు. వాంతులైనా, తిండి మానేసినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా మందు ఆపి ఫోన్ చేయండి.

హుషారైన కుక్కకు అసలు ప్రమాదం మందు పనిచేశాకే. నొప్పి తెలియక దూకుతుంది, కీలు ఇంకా దెబ్బతింటుంది. అందుకే దాని ఉత్సాహాన్ని చూసి నడక కొలవకండి, మర్నాడు పొద్దున లేచిన తీరును చూసి కొలవండి. లేచి సరిగ్గా నడవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ రాసుకోండి. నిన్నటికంటే ఎక్కువ పడితే ఇవాళ దూరం సగానికి తగ్గించండి. గొలుసుతో చదునైన మట్టిదారిలో పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడిపించండి. బాగుంటే వారానికి ఐదు నిమిషాలు పెంచండి. ఆరు రోజులు కట్టేసి ఆదివారం కొండెక్కించడం అన్నిటికంటే చెడ్డది. బంతి విసరడం కూడా మానేయాలి, ఒక్కసారిగా ఆగి తిరిగే మలుపే కీలును నలిపేస్తుంది. నాగావళిలో నీళ్లు నిదానంగా ఉన్నప్పుడు, ఇసుక అడుగున్న చోట, పొట్ట మునిగేంత లోతులో నడిపిస్తే చాలా మేలు. బండలున్న చోట దించకండి.

బరువు 32 కిలోలకు రావాలి. మందు ఎంత మంచిదైనా ఆ నాలుగు కిలోలు మోయాల్సింది ఆ కీళ్లే కదా. అన్నం పావు వంతు తగ్గించి, ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన ఆనపకాయ కలపండి. చద్దన్నం, బిస్కెట్లు ఎవరెవరు పెడుతున్నారో ఇంట్లో కనుక్కోండి, చాలా ఇళ్లలో లెక్క తప్పేది అక్కడే. ధాన్యం కాటా మీద పదిహేను రోజులకోసారి తూచండి, వారానికి 300 నుంచి 400 గ్రాములు తగ్గితే సరైన వేగం.

టైల్స్ నేల మీద గోనెపట్టా వేయకండి, అదే జారుతుంది. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె వరకు రబ్బరు మ్యాట్ పరవండి, పాదాల కింది వెంట్రుకలు కత్తిరించండి. చలికాలం పొద్దున వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు, మీ మణికట్టు ఓర్చుకునే వేడిలో, తుంటి మీద పది నిమిషాలు ఉంచి ఆ తర్వాత నడిపించండి.