వంటింటి ప్రశ్నలు: స్లో కుక్కరా, కరెంటు ప్రెషర్ కుక్కరా?

ప్రశ్న: పొద్దున డ్యూటీకి పోతే సాయంత్రం ఆరింటికే ఇంటికొస్తాం. నలుగురం. రెండింట్లో ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: తరచూ పాయా, మటన్ వండేవాళ్లైతేనే స్లో కుక్కర్ (సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర). ‘లో’ (తక్కువ వేడి) మీద 8 గంటలు ఉంచితే మాంసం ఎముక వదిలేస్తుంది. ఆవిరి పెద్దగా పోదు, నీళ్లు తగ్గించి పోయండి. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోయి వంట ఆలస్యమవుతుంది.

రాజ్మా మాత్రం నేరుగా వేయొద్దు. 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పొయ్యిమీద 10 నిమిషాలు బాగా తెర్లించాకే వేయాలి. సన్నటి వేడికి అందులోని విషం విరగదు. మీరు లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకుంటే ఆ కూర పారబోయాల్సిందే.

రోజూ అన్నం, పప్పేనా? ప్రెషర్ కుక్కర్ చాలు. కందిపప్పుకు అరగంట కూడా పట్టదు.