నేనే కోరి చేయించుకున్నాను, ఇక ఎవరికి చెప్పుకోను?

ప్రశ్న: మేడమ్, నా వయసు 31. నాలుగున్నర నెలల క్రితం రొమ్ముల సైజు పెంచే సర్జరీ చేయించుకున్నాను. రెండు వైపులా 300 సీసీ సిలికాన్ ఇంప్లాంట్లు, ఛాతీ కండ కింద పెట్టారు. ఐదేళ్ళు డబ్బు దాచుకుని, ఇంట్లో అందరినీ ఒప్పించుకుని చేయించుకున్న ఆపరేషన్ ఇది. ఇప్పుడు అద్దం ముందు నిలబడితే ఏడుపొస్తోంది. ఎడమది కుడిదానికంటే పైకి ఉంది. మొదట రెండూ ఒకేలా మెత్తబడుతూ వచ్చాయి. నెల రోజులుగా ఎడమది పట్టేసినట్టు, గట్టిపడినట్టు ఉంది. కుడి చనుమొన దగ్గర స్పర్శ సరిగ్గా తెలియడం లేదు. అనుకున్నంత సైజు కూడా రాలేదు. సర్జన్‌ని అడిగితే 'అంతా నార్మల్, ఓపిక పట్టండి' అని రెండు నిమిషాల్లో పంపేశారు. అక్కతో చెప్పుకుంటే 'నువ్వు కోరి తెచ్చుకున్నదే కదా' అంది. అప్పటినుంచి ఎవరికీ చెప్పడం మానేశాను. మళ్ళీ ఆపరేషన్ చేయించుకోవాలా? తీయించేసుకోవాలా?
(పేరు ప్రచురించవద్దు)

జవాబు: ముందు మీ అక్కగారి మాట సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే. కోరి చేయించుకున్న ఆపరేషన్‌లో నొప్పి వస్తే అది నొప్పి కాకుండా పోతుందా? మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కాలు వంగడం లేదంటే ఇంటిల్లిపాదీ డాక్టర్ దగ్గరికి బయల్దేరతారు. మీరు రొమ్ము గట్టిపడిందంటే మాత్రం నోరు మూసుకోవాలా? ఎందుకు చేయించుకున్నారన్నది మీ ఇష్టం. ఇప్పుడు ఎలా ఉందన్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ఈ మాట నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడ సర్జరీ అయిన ఐదో నెలలో నా దగ్గరికి వచ్చింది. ఒక పక్క బిగుసుకుపోతోందని చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది. బయట ఇంకా తొమ్మిది మంది పేషెంట్లు ఉన్నారు. నేను కుర్చీలోంచి లేవకుండానే 'సర్దుకుంటుంది' అన్నాను. మూడు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ రొమ్ము రాయిలా ఉంది, ముట్టుకుంటే నొప్పి. ముందే చేత్తో పరీక్ష చేసి ఉంటే ఆవిడ ఆ మూడు నెలలూ తనలో తాను కుమిలిపోయేది కాదు. 'మిమ్మల్ని విసిగించకూడదనుకున్నాను మేడమ్' అని ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష చేయకుండా నార్మల్ అనే మాట ఆ తర్వాత నేనెప్పుడూ వాడలేదు.

ఇక మీ విషయం. మీరు రాసిన నాలుగు ఫిర్యాదులూ ఒకే రకానివి కావు. అన్నిటినీ కలిపి 'రిజల్ట్ బాగాలేదు' అని చూస్తున్నారు కాబట్టే దారి కనిపించడం లేదు.

ఎడమ పక్క గట్టిపడటం వీటిలో ముఖ్యమైనది. ఇది ఓపిక పట్టాల్సిన విషయం కాదు. శరీరంలోకి బయటి వస్తువు ఏది వచ్చినా దాని చుట్టూ పల్చటి పొర ఒకటి ఏర్పడుతుంది. ఇంప్లాంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పొర ఉంటుంది, దానివల్ల ఇబ్బందేమీ లేదు. కొందరిలో మాత్రం అది మందంగా మారి, దగ్గరికి ముడుచుకుని, ఇంప్లాంట్‌ని పిడికిట్లో పెట్టుకున్నట్టు నొక్కుతుంది. దీన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. అలా నొక్కినప్పుడు ఇంప్లాంట్ గుండ్రంగా మారి పైకి జరగొచ్చు. అంటే మీరు వేరువేరుగా రాసిన 'గట్టిగా ఉంది', 'పైకి ఉంది' అన్నవి రెండూ ఒకే కారణంవల్ల వచ్చి ఉండొచ్చు. చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఒక తేడా గమనించండి. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో రెండూ గట్టిగా, పైకి ఉండటం మామూలే. వాపు తగ్గి, కండ సడలి, 3 నుంచి 6 నెలల్లో అవి కిందికి సర్దుకుంటాయి. మెత్తబడిన తర్వాత ఒక పక్క మాత్రమే మళ్ళీ గట్టిపడటం ఆ సర్దుకోవడంలో భాగం కాదు. మీరు రాసింది సరిగ్గా అదే.

దీన్ని బేకర్ అనే వర్గీకరణ ప్రకారం నాలుగు గ్రేడ్లుగా చూస్తాం. ఒకటో గ్రేడ్‌లో రొమ్ము మెత్తగా, సహజంగా ఉంటుంది. రెండులో చేతికి కొంచెం గట్టిగా తెలుస్తుంది, చూడటానికి మామూలుగానే ఉంటుంది. మూడులో ఆకారం మారినట్టు కంటికి కనిపిస్తుంది. నాలుగులో వీటన్నిటికీ నొప్పి తోడవుతుంది. ఇది ప్రధానంగా చేతి పరీక్షతో తేలుతుంది. అవసరమైతే అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయిస్తారు. మీ సర్జన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, 'పరీక్ష చేసి ఏ గ్రేడో చెప్పండి, కేస్ షీట్‌లో రాయండి' అని అడగండి. ఇలా అడగడం అమర్యాదేమీ కాదు. గట్టిగా పిండితే పొర విడిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం దయచేసి వినకండి. ఒకప్పుడు డాక్టర్లే అలా చేసేవారు. లోపల ఇంప్లాంట్ చిట్లడం, రక్తస్రావం కావడం చూశాక ఆ పద్ధతి వదిలేశారు.

స్పర్శ విషయంలో మాత్రం ఓపిక పట్టాల్సిందే. సాగిన నరాలు నెమ్మదిగా కోలుకుంటాయి, ఏడాది దాటి కూడా మార్పు రావచ్చు. కొద్దిమందిలో పూర్తిగా తిరిగి రాకపోవడమూ ఉంది. ఆ సంగతి మీకు ఆపరేషన్‌కి ముందే చెప్పి ఉండాల్సింది.

సైజు గురించి. సీసీ అనేది ఇంప్లాంట్ ఎంత పరిమాణమో చెప్పే కొలత. అదే 300 సీసీ వెడల్పాటి ఛాతీ మీద ఒకలా, సన్నటి ఛాతీ మీద ఇంకోలా కనిపిస్తుంది. బ్రా కప్పు సైజు కంపెనీకీ కంపెనీకీ మారిపోతుంది, అందుకే ఫలానా కప్పు వస్తుందని ఏ సర్జనూ మాటివ్వకూడదు. మీరు ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటోలు అడిగి చూడండి. రెండు రొమ్ములూ అచ్చంగా ఒకేలా ఉండేవాళ్ళు చాలా అరుదు. ముందు ఎవరూ పట్టించుకోని చిన్న తేడా సైజు పెరిగాక పెద్దదిగా కనిపించొచ్చు. పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే ఏది సర్జరీ వల్ల వచ్చిందో, ఏది ముందునుంచే ఉందో తెలుస్తుంది. మీ ఐదేళ్ళ ఆశని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. రివిజన్‌తో, అంటే సరిచేసే రెండో ఆపరేషన్‌తో, ఏది మారుతుందో, ఏది మారదో తెలియకుండా మళ్ళీ ఆపరేషన్ టేబుల్ ఎక్కితే రెండోసారి కూడా ఇలాగే ఏడవాల్సి వస్తుందని నా భయం.

మళ్ళీ ఆపరేషనా, తీయించేయడమా అన్నది ఈ వారం తేల్చుకోవాల్సిన విషయం కాదు. మామూలుగా రివిజన్‌కి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగమంటాం, కణజాలం కుదుటపడాలి కాబట్టి. కాంట్రాక్చర్ అని తేలి, అది బాగా బాధపెడుతుంటే ఆ పొర తీసేసి కొత్త ఇంప్లాంట్ పెడతారు. అయితే అది తిరిగి వచ్చే అవకాశం కూడా ఉంటుంది. పూర్తిగా తీయించుకుంటే బరువు, బిగువు పోతాయి గానీ సాగిన చర్మం వదులుగా కనిపించొచ్చు. కొందరికి రొమ్ముని పైకెత్తే సర్జరీ కూడా అవసరమవుతుంది. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావని అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ కూడా స్పష్టంగా చెబుతుంది. కాబట్టి కోపంలోనో భయంలోనో కాకుండా, కాగితాలు ముందు పెట్టుకుని నిర్ణయించుకోండి.

కాగితాలంటే ఇంప్లాంట్ కార్డు, ఆపరేషన్ నోట్స్, ముందటి ఫొటోలు. అవి మీ దగ్గర లేకపోతే రేపే అడిగి తీసుకోండి. కార్డులో కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉంటాయి. ఉపరితలం నున్నగా ఉండే రకమా, గరుకుగా ఉండే రకమా అన్నది కూడా తెలుసుకోండి. లింఫోమా అనే క్యాన్సర్‌లో ఒక అరుదైన రకంతో సంబంధం ఉందని 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ అనే గరుకు రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఆ జబ్బు సాధారణంగా కొన్నేళ్ళ తర్వాత, ఒక పక్క నీరు చేరి ఉబ్బడంతో బయటపడుతుంది. మీ ఇప్పటి ఇబ్బంది అది అనుకుని రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకోకండి. ఏ రకమో తెలిసి ఉండటం ముందుముందు పనికొస్తుంది, అంతే.

ఈ కాగితాలతో ఇంకో అర్హత గల ప్లాస్టిక్ సర్జన్ దగ్గర సెకండ్ ఒపీనియన్ తీసుకోండి. మొదటి సర్జన్‌కి ద్రోహం చేస్తున్నట్టు మథనపడొద్దు. జ్వరం, ఎర్రబడటం, వేడి, ఒక్కసారిగా ఒక పక్క ఉబ్బడం, కుట్ల దగ్గర చీము ఇలాంటివేమైనా కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ఒక చివరి సంగతి. రోజుకి ఎన్నిసార్లు అద్దంలో చూసుకుంటున్నారు? మీరు రాయలేదు గానీ ఏడుపొస్తోందన్నారు కాబట్టి అడుగుతున్నాను. నెలకి ఒక్కసారి, అదే వెలుతురులో, అదే దూరంనుంచి ఒక ఫొటో తీసి తేదీ వేసి పెట్టండి. డాక్టర్‌కి అది నిజంగా ఉపయోగపడుతుంది. రోజూ గంటలకొద్దీ అదే ఆలోచనతో బయటికి వెళ్ళడం కూడా మానేసి ఉంటే, రెండో ఆపరేషన్ గురించి ఆలోచించే ముందే సైకాలజిస్ట్‌ని గానీ సైకియాట్రిస్ట్‌ని గానీ కలవండి. మీ బాధ ఊహ అని నేననడం లేదు. ఎడమ పక్క గట్టిపడటం నిజమైనా సరే, మనసు అలిసిపోయి ఉన్నప్పుడు పెద్ద నిర్ణయం తీసుకోకూడదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా భార్య ఇదే సర్జరీ చేయించుకుని మూడు నెలలైంది. రోజూ 'రెండూ ఒకేలా ఉన్నాయా?' అని అడుగుతుంది. ఉన్నాయంటే అబద్ధం చెబుతున్నానంటుంది, లేవంటే ఏడుస్తుంది. ఏం చెప్పమంటారు?

జవాబు: తీర్పు చెప్పడం మానేయండి. 'నీకు ఎక్కడ తేడా అనిపిస్తోందో చూపించు, రాసుకుందాం' అనండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే, తేదీతో సహా ఒక కాగితం మీద రాయండి. మూడో నెలలో ఇంకా మార్పు వస్తుందని తెలిసినా 'అన్నీ సర్దుకుంటాయిలే' అనకండి, ఆ మాట ఆవిడ ఇప్పటికే చాలాసార్లు విని ఉంటుంది. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి మీరూ వెళ్ళండి. గదిలోకి వెళ్ళాక చాలామంది అడగాల్సింది మర్చిపోతారు. ఆ కాగితం మీ జేబులో పెట్టుకుని, చివరి ప్రశ్నకి కూడా జవాబు వచ్చాకే ఇద్దరూ కుర్చీల్లోంచి లేవండి.